జగపతిరావు గారి చేపల పెట్టె

జగపతిరావు గారు వడ్రంగిని నమ్మరు. దేవుణ్ణి నమ్ముతారు, హోమియోపతిని నమ్ముతారు, ఎన్నికల ముందు అభ్యర్థులు చెప్పే మాటల్ని కూడా నమ్ముతారు. వడ్రంగిని మాత్రం గడప తొక్కనివ్వరు. ఇంట్లో ఏ కొయ్యసామాను కావాలన్నా రంపం, ఉలి పట్టుకొని తామే రంగంలోకి దిగుతారు. అందుకే పెద్దపల్లిలోని వారింట్లో నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనే కుర్చీ లేదు. కొత్తగా వచ్చినవాళ్లు కూర్చోగానే ఒకపక్కకు ఒరుగుతారు. దాన్ని ఆయన వినయం అనుకుంటారు.

నేను పక్కింట్లో అద్దెకుండి పత్రికకు వార్తలు పంపేవాణ్ణి. ఊళ్లో ఏమీ జరగని రోజు వారింటికి వెళ్లేవాణ్ణి. అక్కడ ఏదో ఒకటి కూలి ఉండేది.

పందొమ్మిదివందల అరవై రెండులో, వానలు మొదలయ్యే ముందు, వారి అత్తగారు జానకీబాయి ఆసిఫాబాద్‌లో వాగు రేవున జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. జగపతిరావు గారి భార్య ప్రమోదిని తల్లిని తీసుకొచ్చి లోపలి గదిలో మంచం వేసింది. ఇక లేచి నడవడం కష్టమని డాక్టరు చెప్పిన రోజున ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. మళ్లీ ఇటు తిరగలేదు. రెండు ముద్దలు మింగితే మూడోది వద్దనేవారు.

"ఇట్లనే ఉంటే మా అవ్వ దసరా సూడదు" అని ప్రమోదిని కళ్లు తుడుచుకునేది.

అల్లుడు వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పడానికి కూడా లేదు. ఆ దొరల ఇళ్లల్లో అత్త అల్లుడి కంటబడదు, నేరుగా పలకదు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన అత్తగారి గొంతు విన్నారు గానీ ముఖం ఎరగరు. మాటలన్నీ ప్రమోదిని మోయాలి. అత్త పరదాకు అటు, అల్లుడు ఇటు.

"అమ్మాయీ, అల్లుడు గారికి చెప్పు. నన్ను మా వాగొడ్డుకు పంపియ్యమను."

"ప్రమోదినీ, అత్తగారికి చెప్పు. బండి కుదుపులకు ఉన్న బొక్కలు గూడ ఇరుగుతయి."

"ఇద్దరూ ఇన్నరు గద, నడుమ నేనేం చెప్పాలె?" అని ఆమె తల పట్టుకొనేది.

ఇంట్లో మనిషి తిండి మానేసిన ఇలాంటి శుభసమయంలో జగపతిరావు గారికి చేపలు పెంచాలని బుద్ధి పుట్టింది.

"కూరకా దొరా?" జీతగాడు హనుమండ్లు ఆశగా అడిగాడు.

"కూరకు గాదురా. అద్దాల పెట్టెల పెట్టి సూసెతందుకు."

"సూసినంక?"

"సూసినంక మళ్ల సూసుడే."

హనుమండ్లు నావైపు చూసి పెద్దగా నిట్టూర్చాడు. జాగీర్లు పోయిన దొరల్లో కొందరు పేకాటకు దిగారు, కొందరు రాజకీయాలకు దిగారు. తన దొర ఏకంగా నీళ్లలోకి దిగుతాడని వాడు అనుకోలేదు.

"ఇప్పుడు ఇదెందుకండీ?" అన్నాను.

"నా షోకు" అన్నారాయన, సంభాషణ ముగిసినట్టు.

జైనూరు టేకు దూలం ఒకటి బలి అయింది. వారం రోజులు వీధి వీధంతా రంపపు మోత. చివరికి తయారైన బల్ల ఏనుగును మోసేంత దిట్టంగా, మోకాలెత్తు కూడా దాటకుండా వెలిసింది. చేపల్ని చూడాలంటే మనిషి నేలమీద చతికిలబడాలి. పైగా దానికి వెనక చెక్క లేదు.

"దొరా, యెనుక చెక్క మర్శిపోయిండ్రు."

"మరువలే. గట్లనే ఉండాలె."

కమ్మరి కట్టిన ఇనుప చట్రంలో అద్దాలు బిగించి, సందుల్లో లప్పం దట్టించి నీళ్లు పోశారు. సాయంత్రానికి హాలు చెరువైంది, పెట్టె ఎండిపోయింది. రోడ్డు పని దగ్గర్నుంచి హనుమండ్లు తారు అడిగి తెచ్చాడు. తారుతో కారడం తగ్గింది. వారింటి పక్కనే ఉన్నందుకు మా ఇంట్లో పప్పు కూడా కొత్తరోడ్డు వాసన వేసింది.

మొదట హనుమండ్లు మానేరులో పట్టిన చిన్న పరక చేపలు తెచ్చి వేశాడు. పెట్టెకు నిండుదనం ఉండాలని ఒక పెద్ద కొర్రమట్ట చేపను కూడా వేశాడు. తెల్లారేసరికి నిండుదనం ఒక్కటే మిగిలింది. మర్నాడు మధ్యాహ్నం దాన్ని కూడా నిమ్మళంగా వండుకున్నాం.

ఈసారి దొరగారే హైదరాబాదు వెళ్లి, నెయ్యి డబ్బాలో ఎర్రచేపల్ని పెట్టుకొని రైల్లో వచ్చారు. దారిపొడవునా తోటి ప్రయాణికులు సేరెంతని అడిగారట. చేపలకు గాలి కావాలని ఎవరో చెబితే, పొద్దునా సాయంత్రం సైకిలు పంపుతో నీళ్లలోకి గాలికొట్టే ఉద్యోగం హనుమండ్లుకు దొరికింది.

"మా తాతలు దొరలకు విసనకర్ర ఇసిరిండ్రు. నా పాలికి చేపలొచ్చినయి" అనేవాడు.

లోపల ఒక ప్రాణం వాడిపోతుంటే బయట ఈ జలక్రీడలేమిటని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఒకరోజు గోడ పగిలిన చప్పుడైతే పరుగెత్తాను. జగపతిరావు గారు గడ్డపారతో హాల్లోంచి లోపలి గది గోడకు కన్నం వేస్తున్నారు. మట్టి కొట్టుకొని బూడిదగుమ్మడికాయలా ఉన్నారు.

"అయ్యో, గిదేం పని! అటు దిక్కు మా అవ్వ పండుకున్నది!" ప్రమోదిని అరిచింది.

"తెలుసు. అత్తగారి మంచం జర దూరం జరుపు."

"మేస్త్రీని పిలిపియ్యరాదా?"

"మేస్త్రీ అన్నంక అటు గదిలకు పోడా? పరాయి మొగోడు ముంగట తిరుగుతుంటే, లేవరాని మనిషి మొకం ఏడ దాసుకుంటది?" గడ్డపార ఆపకుండానే అన్నారాయన.

ప్రమోదిని వెళ్లి మంచం జరిపింది.

ఆమె ఏ గోడవైపు తిరిగి పడుకున్నారో ఆ గోడే అది. కన్నంలో బల్ల ఇరికింది, పెట్టె దానిమీదికెక్కింది. వెనక చెక్క లేదు కనుక అటూ ఇటూ అద్దమే. మంచం మళ్లీ దగ్గరికి జరిపితే, పడుకున్న మనిషి కళ్లకు సరిగ్గా సమానంగా నీళ్లు, ఇసుక, నాచు, తిరిగే చేపలు. నాచు చాటున ఇటువాళ్ల ముఖాలు అటు, అటువాళ్ల ముఖం ఇటు కనబడవు. మెతుకులు వేసే చేయి ఒక్కటే కనబడుతుంది. కట్టుబాటు చెక్కుచెదరలేదు.

రెండు రోజులు అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడోనాడు నేనక్కడే ఓ కుర్చీలో ఒరిగి ఉన్నాను. ప్రమోదిని వంటింట్లో ఉంది. జగపతిరావు గారు గుప్పెడు మెతుకులు నీళ్లలో కుమ్మరించారు.

"ఓ చేపా!" అంది గోడ అవతలి గొంతు. "మీ దొరకు చెప్పు. గన్ని మెతుకులు ఒక్కపారి ఎయ్యద్దని. మీ కడుపులు పలుగుతయి."

గాలికొడుతున్న హనుమండ్లు పంపు వదిలేశాడు. జగపతిరావు గారు పెట్టెమీదికి వంగి, చేపతోనే గౌరవంగా అన్నారు:

"చేపా, అత్తమ్మకు చెప్పు. ఆమె తినకుంటే నాకూ వద్దని మొండికేస్తున్నవని."

అవతల మంచం కిర్రుమంది.

"అమ్మాయీ! జర అన్నం పట్కరా. గీ పిల్లలు ఉపాసం ఉండేటట్టున్నరు."

ఆ పూట మూడో ముద్ద లోపలికి వెళ్లింది. దసరాకల్లా జానకీబాయి గారికి కూర్చునే ఓపిక వచ్చింది. ఓపికతోపాటు నోరూ వచ్చింది.

"చేపా, మీ దొరకు చెప్పు. బల్ల ఒకదిక్కు ఒరిగింది. మంచి వడ్లాయనను పిలిపియ్యమను."

వడ్రంగి మాట వినగానే జగపతిరావు గారు ఒక కన్ను మూసి పెట్టెకేసి చాలాసేపు చూశారు.

"చేపా, అత్తమ్మకు చెప్పు. బల్ల బరాబర్ ఉన్నది. నీళ్లే ఒరిగినయి."