కొట్టేసిన వాక్యం కోసం తిరుత్తణికి

తిరుత్తణికి నేను చాలాసార్లు వెళ్లాను. కొండెక్కింది ఒక్కసారే, మిగతావన్నీ ఉద్యోగం పనిమీద. మూడేళ్లు నిండని పిల్లల్ని చూసుకునే ఆయమ్మలకు, పిల్లల ఎదుగుదలను గమనించి రాయడం నేర్పించడం నా పని. ఈసారి ప్రయాణం వేరు. కిందటి ఏడాది అక్కడ కస్తూరి అనే ఆయమ్మ రాసిన వాక్యాన్ని నేను ఎర్ర ఇంకుతో కొట్టేశాను. ఆమె రాసిందే నిజమని తర్వాత తేలింది. అప్పటినుంచి ఆమె ఫారం గడుల్లో టిక్కులు తప్ప ఇంకేమీ రాయడం లేదనీ, ఆమెను చూసి మిగతా ఎనిమిదిమందీ రాయడం మానేశారనీ కబురొచ్చింది. అందుకే బయల్దేరాను.

పుత్తూరులో ఉదయం ఏడుంపావుకు బస్సు దొరికింది. పక్క సీట్లో మల్లెపూల గంపతో ఒక పెద్దావిడ. యాడికి, ఏం పని అని అడిగి అంతా రాబట్టింది. నేర్పించే పని అనగానే నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నేను ఆరుమందిని సాకినాను నాయనా. నాకెవురూ ట్రైనింగ్ ఇయ్యలేదే" అంది.

మామూలుగా అయితే దీనికి నా దగ్గర పొడుగాటి జవాబు ఉంటుంది. ఆ రోజు చెప్పబుద్ధి కాలేదు. నగరి దాటాక ఆమె నిద్రపోయింది. ఎనిమిదిన్నరకు తిరుత్తణి. బస్టాండు ఎదురుగా పొంగల్ తిని, కాఫీ తాగి, షేరాటో ఎక్కాను. ఊరిబయట చెరుకుతోటలు మొదలయ్యేచోట బాలవాడి ఉంది. కంపెనీలకు పోయే తల్లులు ఉదయం వేన్ ఎక్కేముందు పిల్లల్ని అక్కడ వదిలిపోతారు. మాటలన్నీ తెలుగే, గోడమీది రాతలన్నీ తమిళం.

జరిగింది చెప్తాను. అక్కడ అన్నం వేళకు ఆయమ్మ గరిటెతో స్టీలు ప్లేటు కొడుతుంది. పిల్లలంతా ఆట వదిలి అటు తిరుగుతారు. కిందటి ఏడాది నేను చూసినప్పుడు ధనుష్ అనే ఏడాదిన్నర పిల్లాడు కూడా తిరిగాడు. 'చప్పుడుకు స్పందిస్తాడు' అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ పేజీ అడుగున కస్తూరి ఏదో రాసి ఉంది. ఆమె మాట్లాడేది తెలుగు, చదువుకున్నది తమిళం. కాబట్టి తెలుగుమాటల్నే తమిళ అక్షరాల్లో రాస్తుంది. కూడబలుక్కుని చదివే ఓపిక లేక, ఏమిటని అడిగాను. "వీడు ప్లేటు చప్పుడుకి తిరగడు సార్. పక్క పిల్లోళ్లు తిరిగినాక తిరుగుతాడు" అంది.

అది నీ ఊహ, ఊహలు రాయకూడదు అన్నాను. కొట్టేశాను. నిజానికి అది ఊహ కాదు. అంత శుభ్రమైన గమనిక నా పాఠాల్లోనే లేదు. బండికి ఆలస్యమవుతోందని నాకు నేను సాకు చెప్పుకున్నాను గానీ, అసలు కారణం వేరు. నేను చూడనిది ఆమె చూసిందని ఒప్పుకోలేకపోయాను. ఎనిమిది నెలల తర్వాత తల్లి ఆస్పత్రికి తీసుకుపోతే, ధనుష్‌కు రెండు చెవులూ సరిగా వినపడవని చెప్పారు. ఇప్పుడు మెషిన్లు పెట్టారు.

తొమ్మిదిన్నరకు ఆయమ్మలు తొమ్మిదిమందీ చాపమీద కూర్చున్నారు. నేను ఆ పేజీ తెరిచి, ఆ వాక్యాన్ని పైకి చదివి, తప్పు నాదని చెప్పాను. కస్తూరి ఒడిలో ఒక పసిపాపను జోకొడుతోంది. ఆమె వయసు నలభై ఉంటుంది. చెయ్యి ఆపకుండానే అంది:

"మీరు చెప్పినారని నేనూ నమ్మేసినాను సార్. కండ్లతో చూసినదాన్ని నేనే కాదనుకున్నాను. ఎనిమిది నెలలు ఆ బిడ్డ ఊరికే కూర్చుండినాడు. ఇంక నన్ను రాయమనొద్దండి. టిక్కు పెట్టమంటే పెడతా."

క్షమాపణ చెప్తే బరువు దిగుతుందనుకుని వచ్చాను. అది ఆమె చేతుల్లోకి మారిందంతే. నాకు కోపం లేదు అని ఆమె అనివుంటే నేను హాయిగా నమ్మివుండేవాణ్ణి కూడా.

పన్నెండున్నరకు పాఠం ముగించాను. గురువారాలు మధ్యాహ్నం కస్తూరి, ధనుష్ తల్లి దేవి కలిసి వాణ్ణి తిరువళ్లూరులో మాటలు నేర్పించే క్లాసుకు తీసుకుపోతారట. నేనూ రావచ్చా అని అడిగాను. "రైలు అందరిదీ కదా సార్" అంది కస్తూరి.

లోకల్ బండి ఒకటీ నలభైకి. టికెట్‌కు పెద్ద ఖర్చు లేదు. అరక్కోణం దాకా సీట్లు కూడా దొరుకుతాయి. దేవి చెప్పుల కంపెనీలో కుట్టుపని చేస్తుంది. క్లాసు కోసం గురువారం సగంపూట సెలవు పెడుతుంది. ధనుష్ ఆమె ఒళ్లో నిలబడి కిటికీ కమ్మీలు నాకుతున్నాడు. తప్పు నాదని ఆమెకూ చెప్పుకున్నాను. ఆమె వాడి నడుం పట్టుకుని బయటికే చూస్తూ వింది. కడంబత్తూరు దగ్గర బండి ఆగినప్పుడు ఇటు తిరిగింది.

"కస్తూరక్క నాకు ముందే చెప్పింది సార్. నా కొడుకుని చెవిటోడంటావా అని నేను కొట్లాడినాను. మీరు బాగుండాడని రాసేటప్పటికి సంతోషమయింది. అందుకని మీ మీద కోపం పెట్టుకునేదానికి నాకు మొగం లేదు." వాడి మూతి తుడిచి, "అయినా ఉంది" అంది.

సరేనన్నాను. అంతకంటే ఏమీ అనకపోవడం నేను ఆ రోజు చేసిన మంచిపనుల్లో ఒకటి.

స్టేషన్ దాటి మణవాళనగర్ వైపు పది నిమిషాలు నడిస్తే క్లాసు. పెద్దలు అద్దం ఇవతల బెంచీమీద కూర్చోవాలి. లోపల టీచరు, ధనుష్, కొన్ని చెక్కముక్కలు. కస్తూరి తన సంచిలోంచి నోటుపుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది.

"పది నిమిషాలు చూసి రాయండి సార్. మాకు చెప్తారు కదా."

రాశాను. ఆమెకు తెలుగు అక్షరాలు రావు కాబట్టి నన్నే చదవమంది. 'ధనుష్ సంతోషంగా ఆడుకుంటున్నాడు. టీచరు చెప్పేది బాగా అర్థం చేసుకుంటున్నాడు.'

"సంతోషం యాడ కనిపించింది సార్, చేతిలోనా కాల్లోనా?" అని కస్తూరి అడిగింది. నా చేతిలోంచి పెన్ను తీసుకుని రెండు వాక్యాల మీదా గీత గీసింది. దేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, సిగ్గుతో పాటు. వాడికి మంచి జరగాలన్న తొందరలో, వాణ్ణి చూడకుండానే రాసేశాను. కిందటిసారి చేసింది కూడా ఇదే.

మళ్లీ రాశాను. 'టీచరు వెనకనుంచి డప్పు కొట్టింది. ధనుష్ చెక్క కింద పెట్టాడు. తల తిప్పలేదు. మళ్లీ కొట్టింది. తల ఎడమకు తిప్పాడు.'

"ఇది సరి. టైము వేయండి" అంది.

ఇప్పుడైనా రాస్తారా అని అడిగాను. ఆమె పుస్తకం సంచిలో పెట్టేసుకుంది.

తిరుగుబండి అయిదుంపావుకు. కంపెనీలు వదిలే వేళ, నిలబడే రావాలి; పసిపిల్లలతో వెళ్లేవాళ్లు ఒక బండి ముందు చూసుకోవడం మంచిది. తిరుత్తణిలో వాళ్లు స్టేషన్ బయట ఆటో కోసం ఆగారు. నేను బస్టాండుకు నడిచాను. పుత్తూరు బస్సులో వెనకసీటు దొరికింది.

నగరిలో బస్సు ఆగినప్పుడు ఫోను మోగింది. కస్తూరి ఒక పేజీ ఫోటో పంపింది. తమిళ అక్షరాలు. పైకి చదివితేగాని మాటలు పట్టుబడవు. పక్కాయన నావైపు వింతగా చూస్తున్నా, వేలు పెట్టుకుని చదివాను.

'సాయంత్రం ఆరున్నర. స్టేషన్ బయట. కుక్క అరిసింది. ధనుష్ నడిసేది ఆపినాడు. కుక్క లేని పక్కకి చూసినాడు. మళ్లా అరిసింది. కుక్క ఉండే పక్కకి తిరిగినాడు. మొదట పక్క ఎందుకు తప్పినాడో తెలీదు. రేపు చూస్తా.'

పన్నెండేళ్లుగా ఈ పని నేర్పిస్తున్నాను. నా కాగితాల్లో ఒక్కచోట కూడా 'తెలీదు' అని రాసుకోలేదు. తెలియనిచోటల్లా టిక్కు పెట్టాను. ఆ దారిన ఎవరైనా వెళ్తే బాలవాడిలో ఒక పూట కూర్చోమనే చెప్తాను. ఏమీ నేర్పించకుండా కూర్చోవాలి, అంతే.

రేపు చూసినాక నాకూ చెప్పండి అని కస్తూరికి రాశాను. కస్తూరి పేజీ మిగతావాళ్లకూ చేరినట్టుంది, బస్సు పుత్తూరు చేరేలోపు ఇంకో ఇద్దరు ఆయమ్మల పేజీలు వచ్చాయి. ఒకదాంట్లో ఎనిమిది నెలల పాప ఎడమచేత్తోనే అన్నీ అందుకుంటోందని ఉంది. ఆ వయసు పిల్లలు రెండు చేతులూ సమంగా వాడాలి. ఇంటికెళ్లి స్నానం కూడా చేయకుండా, దాన్ని మొదటినుంచి మెల్లగా చదివాను.