కుక్క పాదానికి మొలిచిన కొమ్ము

మా కుక్క ముందు ఎడమకాలికి, అరికాలి మెత్త అంచున, కొమ్ము మొలిచింది. కొమ్మంటే నవ్వుతారు గానీ నిజంగా కొమ్మే. చిటికెన వేలి గోరంత పొడుగు, పసుపు కలిసిన బూడిదరంగు, కొస దగ్గర కాస్త వంకర. దాని పక్కనే ఇంకోటి అప్పుడప్పుడే తల ఎత్తుతోంది. గోళ్ళు ఉండాల్సిన చోట గోళ్ళు ఉన్నాయి, ఇవి గోళ్ళు కావు. పాదం మోపితే గుచ్చుకునేది. దాంతో మూడు కాళ్ళ మీద ఇల్లంతా ఎగురుతూ, ప్రతి గడప దగ్గరా ఆగి నా వంక చూసి మూలుగుతూ, నా ప్రాణం తీసింది.

కుక్కే కదా, కుంటితే కుంటనీ అని ఊరుకునే పరిస్థితి కాదు మాది. మా నాయన ముప్పై ఏళ్ళు బంగారు గనిలో దిగినవాడు. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటినా ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో అలాగే ఉంది. పైగా షుగరు. డాక్టరు చెప్పినవాటిలో ఆయన ఒప్పుకున్నది ఒక్కటే, పొద్దున్నే అరగంట నడక. అదీ కుక్క తోడుంటేనే. మనుషులు తోడొస్తే మాట్లాడాలట, మాట్లాడితే ఆయాసమట. కాబట్టి కుక్క నడిస్తే నాయన నడుస్తాడు, కుక్క ఆగితే నాయన ఆగుతాడు. అది కుంటడం మొదలుపెట్టిన మర్నాటి నుంచే ఆయన వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. రెండు వారాలు గడిచేసరికి బాత్రూముదాకా వెళ్ళొచ్చినా రొప్పడం మొదలైంది. కుక్క మీద జాలి సరే, నాకు ఆ రొప్పు వింటే భయం వేసేది.

తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే గని ఊళ్ళో, కార్మికుల కోసం కట్టిన లైన్ ఇళ్ళు మావి. గోడలు ఉమ్మడి, కాబట్టి కుక్క మూలుగు అందరికీ వినిపించేది, సలహాలు అన్ని దిక్కుల నుంచీ వచ్చేవి. పక్కింటి తమిళ అక్క అది పులిపిరి అని తేల్చేసింది. ఉప్పూ మిరియాలూ కుక్క చుట్టూ మూడుసార్లు తిప్పి, నన్ను పక్కకు జరగమని, మా వాకిట్లోనే పోసిపోయింది. ఎదురింటి పెద్దాయన జిల్లేడు పాలు రాయమన్నాడు. రాయల్పాడులో మామిడి తోటలున్న మా మేనత్త ఫోను చేసి, కాయ తుంచగానే కారే సొన రెండు చుక్కలు వేస్తే మాడి రాలిపోతుందని చెప్పింది.

"కుక్క నాకుతుంది కదత్తా, నోరు పొక్కిపోదా?" అన్నాను.

"నాకితే నాకనీ. చిన్నప్పుడు మేము నాకలేదా? మాకేమైనా అయినాదా?"

ఏమైందో నేను చెప్పదలుచుకోలేదు. ఫోను పెట్టేశాను.

స్కూలు నుంచి వస్తూ పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. నేను పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, ఓపికకు పేరున్నదాన్ని కాదు. నా ముందు నాలుగు ఆవులు, ఒక దూడ. నా వంతు వచ్చాక ఫోనులో ఫొటోలు చూపించాను. డాక్టరు కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"గురువారం తీసుకొని రండి. అంతదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు," అన్నాడు. "మామూలుదైతే కత్తిరిస్తే సరిపోతుంది. వేరు చెడ్డదైతే ఆ వేలు తీసెయ్యాల్సి రావచ్చు."

ఈ మాటను ఇంటికొచ్చి యథాతథంగా నాయన ముందు అప్పజెప్పడం నేను చేసిన తెలివితక్కువ పని. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"వేలు తీసేస్తే ఎట్ల నడుస్తాది?"

"మిగిలినవాటితో నడుస్తుంది నాయనా."

"నడుస్తాదని ఎవురు చెప్పినారు నీకు?" అని మొహం తిప్పుకున్నాడు.

అప్పుడే నాకు బ్లేళ్ళు గుర్తొచ్చాయి. గనిలోపల నీళ్ళలో, గట్టి బూట్లలో రోజంతా నిలబడే మనుషులకు అరికాళ్ళ నిండా ఆనెలు కాసేవి. నా చిన్నతనంలో ఆదివారం వస్తే లైన్ ఇళ్ళ అరుగుల మీద వరసగా బకెట్లు కనిపించేవి. వేణ్ణీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు నానబెట్టుకుని, సగానికి విరిచిన బ్లేడుతో ఆనెలను పొరలు పొరలుగా చెక్కేవాళ్ళు. అందులో మా నాయనది పెద్ద చెయ్యి. వేరే లైన్ల నుంచి కూడా మనుషులు వచ్చి ఆయన ఒళ్ళో కాలు పెట్టేవాళ్ళు. కొమ్ము మొలిచిన పాదాన్ని చూసి ఆ చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. ఇంట్లో ఉన్న బ్లేళ్ళన్నీ ఏరి నా స్కూలు సంచిలో వేసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మొదలైంది.

"బ్లేడు యాడ పెట్టినావు?"

"ఎందుకు?"

"గడ్డం గీసుకోవాల."

"మంగలి షాపుకు పోయిరా."

"నడిచేదానికి కుక్క లేదు గదమ్మా," అన్నాడు, తప్పంతా నాదే అన్నట్టు.

బుధవారం సాయంత్రం వచ్చేసరికి కుక్క బీరువా పక్కన మూలలో ముడుచుకుని ఉంది. కాలికి మా నాయన ఉన్ని మేజోడు, దాని మీద కరెంటు పనికి వాడే నల్ల టేపు. విప్పి చూస్తే లోపల ఆనెలకు మనుషులు వేసుకునే మందు ప్లాస్టరు సగమే ఉంది. మిగతా సగాన్ని మేజోడు ముక్కతో సహా కొరికి మింగేసింది. అరికాలి మెత్త, నీళ్ళలో నానినట్టు తెల్లగా ఉబ్బి, చర్మం ఊడొస్తోంది. నేను ముట్టుకోబోతే ఆ సాధు జంతువు మొదటిసారి నా మీద పళ్ళు చూపించింది.

లైన్ అంతా వినేలా అరిచాను. నాయన కుర్చీలోంచి కదల్లేదు.

"బ్లేడు వద్దంటివి. బ్లేడు పెట్టలేదు గదా నేను," అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. దుఃఖంతో కాదు, ఒళ్ళు మండి.

గురువారం ఆటోలో కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పిలవకుండానే నాయన కూడా ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు పాదం చూడగానే నా మీద విరుచుకుపడ్డాడు. టీచరమ్మవు, చదువుకున్నదానివి, నువ్వే ఇలా చేస్తే పల్లెటూరి వాళ్ళకు నేనేం చెప్పాలని కన్నడంలో నాలుగు పెట్టాడు. చేసిన మనిషి పక్కనే నిలబడి, కట్టేసిన గేదె కొమ్ములను శ్రద్ధగా చూస్తున్నాడు. నేను నోరు మూసుకుని తిట్లు తిన్నాను.

ఆ తర్వాత డాక్టరు ఒక కటింగ్ ప్లేయరు లాంటిది తీసి, టక్కు టక్కుమని రెండు కొమ్ములనూ కత్తిరించేశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చుక్క రక్తం రాలేదు.

"వేరులో ఏమీ లేదు, ఉత్త చచ్చిన చర్మం. మళ్ళీ పెరిగితే తీసుకొని రండి, కత్తిరిస్తాను. వేలికి ఏ భయమూ లేదు. కానీ ఈ కాలినదానికి మాత్రం మూడు వారాలు కాలు నేల మీద పెట్టనివ్వకండి."

రెండు నిమిషాల పనికి మూడు వారాల శిక్ష. ఆటోలో తిరిగి వస్తున్నంతసేపూ నేను నాయన వైపు చూడలేదు. ఇంటికొచ్చి కుక్కను గోనెపట్టా మీద పడుకోబెట్టాక ఆగలేకపోయాను.

"గురువారం డాక్టరు చూస్తాడని చెప్పాను కదా. ఒక్కరోజు ఆగలేకపోయావా?"

"గురువారం చూస్తాడంటివి. అందుకే బుధవారం చేసినాను."

నాకు అర్థం కాలేదు. ఆయన చెప్పాడు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ. గనిలో ఏడాదికోసారి మెడికల్ ఉండేదట. అందరూ బూట్లు విప్పి వరసలో నిలబడాలి. "కాలు బాగలేకుంటే అన్‌ఫిట్ అని రాసేస్తారు. ఇంగ లోపలికి దిగనియ్యరు. మెడికల్‌కు ముందురోజు అందరమూ చెక్కుకుని, ప్లాస్టర్ వేసుకుని, నున్నగా చేసుకుని పోతాంటిమి. డాక్టరు కంట్లో పడిందంటే కాలు పోయినట్లే అమ్మా. దానికీ వేలు తీస్తానని చెప్పినాడంట గదా. నున్నగా ఉంటే వదిలేస్తాడనుకున్నాను."

కోపం సగం దిగిపోయింది. మిగతా సగంతో అడిగాను, ఆ ప్లాస్టర్లు ఇంట్లోకి ఎలా వచ్చాయని. ఆయన చూపు మంచం వైపు పోయింది. ఆయన దిండు కింద వెతికితే అట్టపెట్టె దొరికింది. ఎనిమిదింట్లో ఒకటి మిగిలి ఉంది.

"కుక్కకు ఎన్ని వేశావు?"

"ఒకటి."

"మిగతా ఆరు?"

ఆయన కాళ్ళు మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నాడు. అంత ఎండలో మేజోళ్ళు వేసుకుని ఉన్నాడని నేను అప్పుడు గమనించాను. కింద కూర్చుని కుడికాలు బయటికి లాగాను. వద్దమ్మా, రేపు చూద్దువులే అంటూనే ఉన్నాడు. మేజోడు తీస్తే బొటనవేలి కింద ప్లాస్టరు మీద ప్లాస్టరు. చివరి పొర ఊడదీసేసరికి వాసన వచ్చింది. పుండు అంచులు నల్లబడి ఉన్నాయి. నా చిటికెన వేలి కొస పట్టేంత లోతుంది.

"నొప్పి ఏమీ లేదు," అన్నాడు, నాకు ధైర్యం చెబుతున్నట్టు. షుగరున్న మనిషికి పుండు నొప్పి తెలియకపోవడం ఎంత చెడ్డదో నాకు తెలుసు.

"ఎప్పటి నుంచి?"

"దానికి రాకముందు నుంచే."

ఆయన నడక మానింది కుక్క నడవనందుకు కాదు. కుక్క కుంటడం ఆయనకు కలిసొచ్చింది. ఆ కుక్క పాదాన్ని రోజుకు రెండుసార్లు వెలుతురులో పెట్టి చూసినదాన్ని, ఆయన కాలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"లే. ఇప్పుడే ఆసుపత్రికి పోదాం," అన్నాను.

ఆయన లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "వేలు తీస్తారా అమ్మా?" అని అడిగాడు.

ఆయన కాలు నా ఒళ్ళోకి తీసుకుని, పుండు మీద ఉతికిన గుడ్డ చుట్టాను. ఆటోకు ఫోను చేశాను.