గొర్రెపిల్లను కడిగి తెచ్చిన మనిషి

మా వీధి చర్చిలో, పండక్కి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్ అంటే యేసు పుట్టిన పశువుల పాక కట్టాల్సిందే. బొమ్మ గొర్రెలు మాకు ఆనవు. హవేలిఘనపూర్ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన ఏటా తన మందలోని పిల్లను తెచ్చి, గొంగడి కప్పుకుని పాక పక్కన నిలబడతాడు. ఆయన మా మతస్థుడు కాదు. పిలిస్తే వస్తాడు, అంతే.

ఈసారి వాక్యం చెప్పే వంతు మా కుర్ర పాస్టరుది. యేసు పుట్టిన వార్త మొదట గొర్రెల కాపరులకే ఎందుకు తెలిసిందో చెబుతూ ఊగిపోయాడు.

"కాపర్లంటే ఎవలనుకుంటుండ్రు? దొంగలు! అబద్ధాలకోర్లు! వాళ్ల సాక్ష్యం కోర్టుల గూడ చెల్లకపోతుండె. గసొంటోళ్లకు దేవదూత కనవడ్డడంటే ఎంత కృప! హల్లెలూయా చెప్పుండ్రి!"

అందరూ చెప్పారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. లూకా తన సువార్తలో ఎక్కడ రాశాడయ్యా ఆ మాట? ఊరంతా పడుకుంటే మందకు కాపలాగా మేలుకొని ఉన్నారని కదా రాసింది! అబద్ధాలకోర్ల మాట నమ్మి మనం ఇన్నేళ్లుగా పండగ చేసుకుంటున్నామా? పైగా మైకుకు నాలుగడుగుల దూరంలో, చంకలో గొర్రెపిల్లతో, ఆ మనిషి నిలబడే ఉన్నాడు.

ఆయన భోజనాలకు ఆగలేదు. గేటు దాకా పరుగెత్తాను.

"కాకా, జర ఆగు. బువ్వ తిని పో."

"వద్దు టీచరమ్మా. మా తాతలకాడికెల్లి గొర్లు కాస్తున్నం. ఒక్కనాడు దొంగ అనిపించుకోలే. మీ దేవుని కాడ ఉంచుతరని దీన్ని పొద్దుగాల్నే కడిగి తెచ్చిన."

వెనక్కొచ్చి పాస్టరును నిలదీశాను. "ఆ మాట నీకెవరు చెప్పిండ్రు?"

అతను తెల్లబోయాడు. "మీరే గద టీచర్! సండే స్కూల్ల చెప్పిండ్రు. నా నోట్‌బుక్కుల ఇంక ఉన్నది."

నిజమే. ఎక్కడో విన్నాను, కథ రక్తి కడుతుందని ఒకప్పుడు ఏళ్ల తరబడి పిల్లలకు నూరిపోసి, నేనే మరిచిపోయాను. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. ఇంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి ఆయన పల్లెకు పోయాను. ఊరి బయట మెట్ట చెలకలో మంద దగ్గర ఉన్నాడు. "తప్పు ఆ పిల్లగానిది కాదు కాకా, నాది. నేనే నేర్పిన. మాఫ్ చెయ్యి" అన్నాను.

ఆయన నన్ను కూర్చోమన్నాడు, నీళ్లిచ్చాడు. తర్వాత అన్నాడు:

"గిక్కడ గొర్ల ముంగట చెప్తే ఏమొస్తది టీచరమ్మా? అన్నది అందరి ముంగట గద."