ఎర్ర దారం కట్టిన గిన్నె

సింగపూర్‌లోని టోవా పాయోలో మా పాత ఫ్లాట్ పక్కన ఉండే అంకుల్ పోయారని మొన్న శనివారం పొద్దున వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. ముందు నా గురించి ఒక చెడ్డ మాట ఒప్పుకుంటే తప్ప కలం కదిలేలా లేదు.

ఐటీ ఉద్యోగాల కోసం మనవాళ్లు విమానాల నిండా సింగపూర్‌లో దిగుతున్న రోజుల్లో నేనూ దిగాను. అంకుల్ మలయ్ ముస్లిం. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. మేం శాకాహారులమని తెలిసిన వారంలోనే కొత్త గిన్నె ఒకటి కొని, హాకర్ల తిండి దుకాణాల్లో పార్సిళ్లకి కట్టే ఎర్ర ప్లాస్టిక్ దారం దాని పిడికి ముడివేశారు. అందులో మాంసం, చేప ఉడకడానికి వీల్లేదని ఇంట్లో ఆయన శాసనం. ప్రతి శుక్రవారం ఎండురొయ్యలు వేయకుండా కొబ్బరిపాల కూర వండి, ఆ గిన్నెతోనే తెచ్చిచ్చేవారు.

"ఎందుకంకుల్ ఇంత శ్రమ?" అంటే, "తినేవాళ్లకి అనుమానం ఉండకూడదు లా" అనేవారు, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

మా ఆవిడ కాన్పుకి వాళ్లమ్మ రాలేకపోతే, నలభై రోజులూ ఆ గిన్నె రోజూ మా ఇంటికి వచ్చింది.

ఆయనకి ఇంకో అలవాటుండేది. బ్లాకులో అందరినీ అడిగి పాత బట్టలు, స్కూలు పుస్తకాలు పోగుచేసి, సముద్రం అవతల వాళ్ల చెల్లెలి ఊళ్లో ఉన్న అనాథాశ్రమానికి అట్టపెట్టెల్లో పంపేవారు. వాటి మీద అంటించే చిరునామా చీటీలు మా ఆఫీసు ప్రింటర్‌లో నేనే తీసిచ్చేవాణ్ని.

అంతలో, ఆ పెట్టెలు వెళ్లే పొరుగు దేశంలో బాంబులు పేల్చే ముఠాలకు ఇక్కడి నుంచి ఏ రూపంలోనూ సాయం అందకుండా కొత్త చట్టం వచ్చింది. "మంచిదే. వాళ్లు మా అందరి పేరూ పాడుచేస్తున్నారు" అన్నారు అంకుల్. ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరు అధికారులు ఆ పెట్టెల గురించి వాకబు చేస్తూ మా తలుపూ తట్టారు. మర్యాదగానే అడిగారు. నాకు మాత్రం ఆఫీసు ప్రింటర్, చీటీలు, శాశ్వత నివాసం కోసం పెట్టుకుని ఇంకా పరిశీలనలో ఉన్న నా పీఆర్ దరఖాస్తు, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"పక్కింటాయన బాగా తెలుసా?"

"ముఖపరిచయమే."

"రాకపోకలున్నాయా?"

"లేవండీ. మేం శాకాహారులం. వాళ్లింటి వంట ముట్టుకోం."

ఆ మాట అంటున్నప్పుడు ఎర్ర దారం గిన్నె మా స్టవ్ పక్కనే ఉంది. బయట కారిడార్‌లో అంకుల్ మొక్కలకు నీళ్లు పోస్తున్న చప్పుడు ఆగిపోయింది.

వాళ్లు వెళ్లాక మా ఆవిడ, "నోరెలా వచ్చిందండీ మీకు? బాలింతరాలికి అన్నం పెట్టిన ఇల్లది" అంది.  

విచారణలో అంకుల్ తప్పేమీ లేదని తేలింది. నాకు పీఆర్ వచ్చింది. ఆ అధికారులు వచ్చిన మరుసటి శుక్రవారమే గిన్నె ఎప్పటిలాగే వచ్చింది.  చీటీలు మాత్రం ఆయన మళ్లీ నన్ను అడగలేదు. పెట్టెల మీద చిరునామాలు తనే చేత్తో రాసుకునేవారు. నేను చూస్తూ లిఫ్ట్ వైపు నడిచేవాణ్ని. క్షమించమని రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే ఊరికి ఇంకో చివరున్న సెంగ్‌కాంగ్‌కి ఇల్లు మారిపోయాను.

ఖననం అయ్యాక వాళ్లింటికి వెళ్లాం. అమ్మాయి పై అరలోంచి ఆ గిన్నె దించింది.

"దీన్ని నాన్న ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీరొస్తే కావాలి కదా అనేవారు. ఉండండి, తినేసి వెళ్లాలి లా."

గిన్నె నా చేతికిచ్చి కూరగాయలు తేవడానికి లోపలికెళ్లింది. పిడి దగ్గర పాత దారం వెలిసి పీలికలైపోయింది. దాని మీద కొత్త ఎర్ర దారం, గట్టిగా రెండు ముళ్లు వేసి ఉంది.