ఈకలు పీకిన గిజిగాళ్లు

గిజిగాళ్లలో మా డెల్టా వాళ్లు ఎరిగినవి రెండు రకాలు. తాటాకు కొసన పొడుగు గొట్టంలాంటి గూడు వేలాడదీసేది ఒకటి. దాని రొమ్ము పసుపు రాసినట్టు నున్నగా ఉంటుంది. కొల్లేటి జమ్ముగడ్డిలో పొట్టిగూడు అల్లేది రెండోది. దాని రొమ్ము నిండా ఇంకు పెన్ను విదిలించినట్టు నల్లచారలు. ఏది పాట ఎత్తుకున్నా నూనె లేని సైకిలు చైనే. ఇప్పుడు తాటిచెట్లు ఇటుక బట్టీలకూ, జమ్ము చేపల చెరువులకూ పోయి, రెండు జాతులూ కరువయ్యాయి. కొన్ని ఎటు పోయాయో మాత్రం నేను కళ్లారా చూశాను. నోళ్లలోకి పోయాయి.

డెబ్బయిల్లో నా పెళ్లిచూపులు. ఫొటో చూసిన దగ్గర్నుంచీ ఆ అమ్మాయిని తప్ప అప్సరసను కూడా చేసుకోనని భీష్మించాను. బెజవాడ నుంచి బస్సులో పక్కవాళ్ల కోళ్లగంపను ఒళ్లో మోసుకుంటూ కొల్లేటి ఒడ్డున వాళ్ల ఊరు చేరాను. పిల్ల తండ్రీ, బాబాయీ ఇద్దరూ ఒప్పుకుంటేనే సంబంధమని పెళ్లిళ్ల పేరయ్య ముందే హెచ్చరించాడు.

కాఫీ వస్తుందనుకుంటే బండిచక్రమంత పళ్లెం వచ్చింది. దాని నిండా నూనెలో వేగిన పిట్టలు, తలకాయలతో సహా, నోళ్లు తెరుచుకుని.

"ఇటుపక్కవి మా గట్టు మీద తాటి గిజిగాళ్లు బాబూ," అన్నాడు తండ్రి. "అటువి మావాడు జమ్ములో వలేసి తెచ్చినవి. ఏది రుచో మీరే తేల్చాలి."

"అన్నయ్యవి వట్టి పీచండీ," అన్నాడు బాబాయి. "మావి వెన్నండీ. ఎముకతో సహా కరిగిపోద్ది."

"ఒరేయ్, నీవి నీచు కంపురా! పిట్టను తింటే పరిగె చేప తిన్నట్టుంటది."

ఇద్దరూ చెరో పుర్రె దవడ కింద వేసుకుని కరకరలాడించారు. నూనె గడ్డాల మీంచి కాలవలై పారింది. బాబాయి ఒక పిట్ట ముక్కుతోనే పళ్లు కుట్టుకున్నాడు. నేను పళ్లెంలో పసుపు కోసం, చారల కోసం వెతికాను. ఈకల్లేకపోతే రెండు జాతులూ ఒకటే, అప్పుడే పుట్టిన ఎలకపిల్లలు. ఒకటి బాగుందంటే రెండో ఆయన సంబంధం చెడగొడతాడు. దేవుడా అనుకుని ఒకటి నోట్లో పెట్టుకున్నాను. నాలిక్కి కన్ను తగిలింది.

పెరట్లోకి పరిగెత్తాను. పొద్దున తిన్న పెసరట్టు దగ్గర్నుంచి అన్నప్రాసన నాటి పాయసం దాకా మునగచెట్టు మొదట్లో పోసి వచ్చాను.

"పిట్టముక్కకే కక్కినోడు సంసారమేం చేస్తాడ్రా?" అన్నాడు తండ్రి. తమ్ముడు తలూపాడు. వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

అంతలో గుమ్మంలోకి అమ్మాయే వచ్చింది.

"ఆయన్నెందుకంటారు నానా? రెండూ ఒకే మూకుట్లో కలిపి వేయించాను. ఏది ఎవరిదో నాకే తెలీదు. పొద్దుట్నించీ ఈకలు పీకి పీకి గోళ్లు ఊడొచ్చాయి. ఈయన్ని చేసుకుంటే ఆ పనన్నా తప్పుద్ది. ఖాయం చెయ్యండి."

అన్నదమ్ములు సిగ్గుపడలేదు సరికదా, "ఇది నాదేరా, పీచు లేదు చూడు" అంటూ మళ్లీ మొదలెట్టారు. నోరు ఖాళీ లేక మామగారు సరేనని తల మాత్రం ఊపారు. ఆ నూనె చేతుల్తోనే తాంబూలం అందించారు. ఊపిరి బిగబట్టి పుచ్చుకున్నాను.