డేగగారి పంచనామా

నేను పదకొండేళ్ళు పనిచేసిన కువైట్ ఇంట్లో ఒక హత్య జరిగింది. హత్య అన్న మాట నాది కాదు, వాళ్ళదే. చచ్చింది ఆ ఇంటి పెద్దకొడుకు పెంచుకున్న డేగ. దానికి పాస్‌పోర్టు ఉండేది. మా పాస్‌పోర్టులు పెట్టిన సొరుగులోనే దాన్నీ పెట్టేవారు. తేడా ఏమిటంటే, అది అడక్కుండానే ఏటా విమానమెక్కి వేటకు పోయి వచ్చేది. మేము సెలవు అడిగితే రంజాన్ అయ్యాక చూద్దాం అనేవారు, ఏ రంజానో చెప్పేవారు కాదు.

ఇరాక్ యుద్ధం అయిపోయి ఊళ్ళో కొత్త బంగళాలు లేస్తున్న రోజులవి. మా వాళ్ళ బంగళా కొత్తదే గానీ వంశం పాతదని వచ్చిన ప్రతివాడికీ చెప్పుకునేవారు. హాల్లో గోడకు తాతగారి కత్తి వేలాడేది. దాని దుమ్ము వారానికోసారి నేనే తుడిచేదాన్ని. తుప్పుపట్టి ఒరలోనే బిగుసుకుపోయింది, ఎంత లాగినా ఊడిరాదు. అతిథులు వస్తే మాత్రం దాని కిందే కూర్చోబెట్టి దాని పౌరుషం వర్ణించేవారు.

నాది రాయచోటి దగ్గర పల్లె. ఇల్లు ఊడవడం, తుడవడం, బట్టలు, మంచంలో ఉన్న ముసలమ్మ సేవ నా పని. వంట చేసేది కోనసీమ మనిషి, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. అక్కడ సెలవురోజు శుక్రవారమే గనక, శుక్రవారం శుక్రవారం చర్చికి పంపమని మామాని, అంటే యజమానురాలిని, బతిమాలుకునేది. నెలకోసారి పంపేవారు. ఆమె చిన్నకూతురు ఊళ్ళో నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఆ చదువు అయ్యేదాకా నిలబడితే చాలు, తర్వాత ఈ గడప మొహం చూడనని రోజుకోసారి అనేది.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున డేగ తన కర్రమీద నుంచి పడి చచ్చి ఉంది. పెద్దకొడుకు నేలమీద కూలబడి ఏడ్చాడు. తన తాత చచ్చిన రోజు ఫోన్లో నవ్వుతూ మాట్లాడిన మనిషి అతను, నేను కళ్ళారా చూశాను. పిట్టల డాక్టరుకు చూపిద్దామని డ్రైవరు అంటే మామా తమ్ముడు అడ్డుపడ్డాడు. ఆయన పోలీసు శాఖలో పనిచేసి మానేశాడు. అక్కడ ఏం చేసేవాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. డాక్టరెందుకు, ఇది విషప్రయోగమని నాకు చూడగానే తెలిసింది, దొంగను నేనే పట్టిస్తాను అన్నాడు.

డేగను తెల్లగుడ్డలో చుట్టి, కారులో ముందుసీటు మీద పడుకోబెట్టి, ఏసీ వేసుకుని కబ్ద్‌లోని వాళ్ళ తోటకు తీసుకుపోయి పూడ్చారు. ఆ ముందుసీటు మీద మేమెవరమూ ఎన్నడూ కూర్చోలేదు.

సాయంత్రం విచారణ. మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే దివానియాలోకి పనివాళ్ళందరినీ పిలిపించి వరసగా నిలబెట్టారు. మామూలుగా మగవాళ్ళు లేనప్పుడు ఊడవడానికి తప్ప మేము ఆడవాళ్ళం అందులో అడుగుపెట్టేది లేదు. తమ్ముడుగారు మధ్యలో కూర్చుని టీ తాగుతూ, ఖర్జూరాలు నములుతూ, గింజలు పళ్ళెంలోకి ఊస్తూ ప్రశ్నలు వేశాడు. చేతిలో కొత్త నోటుపుస్తకం. గంటసేపట్లో ఒక్క ముక్క రాయలేదు.

డేగకు పెట్టే పిట్టమాంసం ఎవరి ఫ్రిజ్‌లో ఉంటుంది అన్నాడు. వంటింట్లో. ముక్కలు కోసేది ఎవరు? అక్క. పోయిన నెల సెలవు అడిగితే మామా ఇవ్వలేదు కదా? లేదు. అంతే, ఆయన వెనక్కి వాలి మీసం నిమురుకున్నాడు. తర్వాత అక్క అరలన్నీ వెతికించి ఒక సీసా తెప్పించాడు. మూత తీసి వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. అది ఎండు రొయ్యల కారం.

"ఇదే విషం. తిను చూద్దాం," అన్నాడు.

అక్క దోసిట్లో పోసుకుని తినేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గానీ అవి కారానికి కాదు. నా వైపు తిరిగి మన మాటలో, "వేడన్నంలోకైతే బాగుండేదే చెల్లీ," అంది. నేను నవ్వలేక చచ్చాను. ఆమె చావకపోయేసరికి ఆయనకు తలకొట్టేసినట్టయింది. అయినా అనుమానం వదల్లేదు. ఆదివారం లోపల ఒప్పుకోకపోతే పోలీసులకు అప్పగించి, ఫింగర్ వేయించి పంపించేస్తానన్నాడు. ఫింగర్ వేశారంటే వేలిముద్రలు పట్టుకుని దేశం నుంచి తరిమేసినట్టు. మళ్ళీ ఈ గడ్డమీద కాలు పెట్టనివ్వరు.

వంటింట్లోకి వచ్చాక అక్క పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది.

"పిల్లకి ఇంకా రెండేళ్ళుందే. మజ్జలో ఆపేత్తే దాని బతుకేం గాను? నేనేం సేసేనని ఈళ్ళకి?"

"నువ్వేం బయపడాకు అక్కా. గమ్మునుండు. ఆ దేవుడు ఉండాడు," అన్నాను.

మర్నాడు పొద్దున దివానియా ఊడుస్తుంటే తివాచీ అంచు కింద బూడిదరంగు ఈకలు కనిపించాయి. డేగ ఈకలు కావు, పావురానివి. డ్రైవరు మా కడప వైపు మనిషే. గురువారం దివానియాలో టీలు అందించింది అతనే. అడిగాను.

"అన్నా, ఈ ఈకలు యాడివి?"

"గురువారం ఎవరో పెద్దకొడుకును ఎగతాళి సేసినాడు లేమ్మా, నీ డేగ ఫ్రిజ్జు మాంసం తినే పిల్లి మాదిరి అయిపోయిందని. ఈయప్పకు రోసమొచ్చి మిద్దె మీదికి పోయి పావురాన్ని పట్టుకొచ్చినాడు. ఉత్త సేతుల్తో పట్టినా, నా అడుగు సప్పుడు దానికి ఇనపడలేదు అని ఒగటే గొప్పలు. అందరి ముందర తనే సేత్తో పట్టుకోని డేగకు తినిపించినాడు."

"మరి ఇచారణ సేసినాయనకు ఈ మాట ఎందుకు సెప్పలేదు?"

"మనల్ని ఏం తాకినారని అడిగినారు గాని, ఆయప్ప ఏం తినిపించినాడని ఎవురడిగినారు? ఇంటి మగోడు తన సేత్తో పెట్టింది తప్పయితాదా?"

మిద్దె మీద పావురాలకు రోజూ గోధుమలు వేసేది నేనే. అది ముసలమ్మ పుణ్యకార్యం. పిట్టలకు గింజలు వేస్తే ఇంట్లో బరకతు, అంటే సిరి, ఉంటుందని ఆమె నమ్మకం. మామాకేమో కొత్తగా వేయించిన తెల్లరాళ్ళ మీద రెట్టలు పడుతున్నాయని మంట. అత్తగారిని ఎదిరించే ధైర్యం లేదు. అందుకని సులైబియా తోటల దగ్గర అమ్మే పురుగుల మందు తెప్పించి, బుధవారం నా చేతికిచ్చి, ముసలమ్మ గోధుమల్లోనే కలిపి చల్లమంది. ఎవరికీ చెప్పొద్దంది. కలిపాను, చల్లాను.

ఆ పావురం ఎగరకపోవడానికి కారణం అదీ. చావడానికి సిద్ధంగా కూర్చున్న పిట్టను పట్టుకుని తన వేటగాడితనం అనుకున్నాడు ఆ మహానుభావుడు. పుట్టాక ఒక ఈగను కూడా పట్టని మనిషికి, రెక్కలున్న పిట్ట కదలకుండా ఎందుకు కూర్చుందన్న అనుమానం రాలేదు. మా ఊళ్ళో ఐదేళ్ళ పిల్ల కూడా అలాంటి కోడిని ముట్టుకోదు.

అప్పుడే పోయి అందరి ముందూ చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మందు కలిపింది నా చెయ్యి. అక్క మీద పడబోయే ఫింగర్ నా మీద పడుతుందని భయం. వాళ్ళను ఎంత తిట్టుకున్నా ఈ సంగతి దగ్గర నన్ను నేను తిట్టుకోకుండా దాటలేను. మామా మిద్దె మీదికి రాళ్ళు చూసుకోవడానికి వచ్చినప్పుడు, ఒంటరిగా ఉందని చూసుకుని, ఆమెకొక్కదానికే చెప్పాను. ఈకలు చూపించాను.

ఆమె తన తెల్లరాళ్ళ వైపు చూసుకుంది. తర్వాత ఈకలు నా చేతిలోంచి లాక్కుని నలిపి గోడ అవతలికి విసిరేసింది.

"ఖలాస్. నువ్వేం చూళ్ళేదు, నేనేం వినలేదు."

"మామా, వంటామె?"

"పోలీసులు రారు. నేను చూసుకుంటాను. యల్లా, పని చూసుకో."

ఆదివారం తమ్ముడుగారు మళ్ళీ అందరినీ నిలబెట్టి, ఖర్జూరాలు నములుతూ, తన దర్యాప్తు పూర్తయిందని ప్రకటించాడు. డేగ వడదెబ్బకు చచ్చిందట. మేము స్వెట్టర్లు వేసుకుని నిలబడి విన్నాం. పెద్దకొడుకు కళ్ళు తుడుచుకుని మేనమామ తెలివికి తల ఊపాడు. ఆ గదిలో ఒక్కడికీ నవ్వు రాలేదంటే వాళ్ళ వంశం నిజంగానే పాతదని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

అక్క ఊపిరి పీల్చుకుంది. ఆ మధ్యాహ్నం వాళ్ళకు బిరియానీ వండింది. ఎవరూ తినలేదు. పళ్ళేలు అలాగే వెనక్కి వచ్చాయి. సాయంత్రం మామా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, ఇలా అంది.

"నీ తప్పు లేదని మాకు తెలుసు. కానీ ఇంత మాట పడ్డాక నీ మనసులో కోపం ఉండదా? కోపమున్న మనిషి చేతి తిండి మేమెలా తింటాం? టికెట్ తీయించాను. బుధవారం వెళ్ళిపో. ఫింగర్ లేదులే."

ఫింగర్ లేకపోవడం తన దయ అన్నట్టు చెప్పింది. పోలీసులు వస్తే ఆ పురుగుల మందు తన దాకానే వస్తుందన్న సంగతి అక్కకు తెలియదు, నాకు తెలుసు. నేను నోరు విప్పలేదు.

బుధవారం పొద్దున అక్క పెట్టె సర్దుకుని, మిగిలిన రొయ్యల కారం సీసా నా చేతిలో పెట్టింది.

"నీ పేరు కూడా పెట్టి పార్దన సేత్తానే చెల్లీ. నువ్వొక్కద్దానివే నన్ను నమ్మేవు," అంది.

ఆ మాటకు నేను ఇప్పటికీ తలెత్తలేను. రెండేళ్ళ తర్వాత ఫోన్ చేస్తే, చిన్నకూతురు నర్సింగ్ మానేసి అమలాపురంలో బట్టలకొట్లో చేరిందని చెప్పింది. తిట్టలేదు. బాగున్నావా అని అడిగింది.

అక్క వెళ్ళిన రోజే మామా నన్ను వంటింట్లోకి మార్చింది. నమ్మకమైన మనిషివి అంది. ఆరేళ్ళు వండాను. పురుగుల మందు కలిపిన ఈ చేతులతోనే ఆ ఇంటిల్లిపాదికీ ముద్దలు కలిపి పెట్టాను. వేళ్ళు నాకి మరీ తిన్నారు.