క్యారియర్ లేని సైకిల్

ఆ సైకిల్‌ను మొదటిసారి చూసినప్పుడు నాకు దాని యజమాని మీద జాలి కలిగింది. అంత చదువుకున్న ఇంగ్లీషు ఇంజనీరు, పాపం, ఎవడో దుకాణదారు చేతిలో మోసపోయాడనుకున్నాను. దానికి క్యారియర్ లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు, చైన్ కవరు లేదు, చివరికి బెల్లు కూడా లేదు. టైర్లు మాత్రం ట్రాక్టరు టైర్లలా బొడిపెలు బొడిపెలుగా ఉన్నాయి. కరీంనగర్ జిల్లాలో పన్నెండేళ్లు కిరాయి సైకిళ్ల దుకాణం నడిపినవాణ్ణి నేను. ఏది పూర్తి సైకిలో, ఏది సగం బిగించి వదిలేసిందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇదంతా సౌదీలో, అబహా పైన కొండల్లో. సౌదీ అంటే ఇసుక, ఎండ అని మా ఊళ్లో అందరిలాగే నేనూ అనుకుని బయల్దేరాను. తీరా వచ్చి పడింది స్వెటర్ లేకుండా గడప దాటలేని చోట. కొండ మీద అర్అర్ చెట్ల అడవి. దూరం నుంచి సరుగుడు తోటలా కనిపిస్తుంది కానీ దగ్గరికి వెళితే ఆ మానులు మెలితిరిగి, కొమ్మలకు బూడిదరంగు నాచు వేలాడుతూ ఉంటుంది. అడవి దాటితే చెట్టన్నది లేని మిట్టలు. మోకాలెత్తు పొదలు, రాళ్లు, కాలు పెడితే వాము వాసన కొట్టే ఆకులు. పొద్దున పదింటిదాకా మబ్బు నేల మీదే ఉండేది.

మా కంపెనీ అక్కడ కొత్తగా అర్అర్ మొక్కలు నాటిస్తోంది. కొండంతా కలిపి పదకొండు నీళ్ల ట్యాంకులు. రోజూ వాటి దగ్గరికి వెళ్లి, వాల్వులు తిప్పి, మొక్కలకు నీళ్లు వదలడం నా పని. నన్ను పికప్‌లో తిప్పేది హైదరాబాద్ పాతబస్తీ డ్రైవర్ ఒకాయన. నాకంటే పదేళ్లు పెద్ద, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. ఇద్దరిదీ ఒకే గది, ఒకే పొయ్యి. ఆయన వంట బ్రహ్మాండంగా ఉండేది. నేను వండిన రోజు మాత్రం బిస్మిల్లా రెండుసార్లు అని ముద్ద నోట్లో పెట్టుకునేవాడు.

ఇంజనీరు శుక్రవారం వచ్చిందంటే ఆ సైకిల్ వేసుకుని అడవిలో పడేవాడు. అడ్డొచ్చిన రాళ్లు పక్కకు జరిపి, తలకు తగిలే కొమ్మలు కోసి, మలుపు మలుపునా ఎర్రగుడ్డ ముక్క కట్టి, తనకోసం ఒక సన్నని బాట చేసుకున్నాడు. అది అడవిలోంచి మిట్టల మీదికెక్కి, మళ్లీ అడవిలోకి దిగేది. సెలవురోజున ఊరికే చెమట పట్టించుకునే మనిషిని నేనంతకుముందు చూడలేదు. తిరిగొచ్చాక సైకిల్‌ను నేల మీద పడేసి స్నానానికి వెళ్లేవాడు. అది నాకు ప్రాణం పోయినట్టుండేది. సైకిల్‌ను పడుకోబెట్టినవాడికి మా దుకాణంలో మళ్లీ సైకిల్ ఇచ్చేవాళ్లం కాదు. నేనే వెళ్లి లేపి, మట్టి తుడిచి, గోడకు ఆనించి వచ్చేవాణ్ణి. ఆయన గమనించినట్టున్నాడు.

కువైట్ గొడవ ముదిరి యుద్ధం ఖాయమని తేలాక తెల్లవాళ్లంతా సర్దుకోవడం మొదలుపెట్టారు. మా ఇంజనీరు కూడా బయల్దేరాడు. వెళుతూ వెళుతూ సైకిల్ తాళంచెవి నా చేతిలో పెట్టి, తాను వచ్చేదాకా భద్రంగా చూసుకొమ్మన్నాడు. ఆ వారమే పికప్‌నూ భాయ్‌నూ కంపెనీ తూర్పువైపు క్యాంపు పనులకు పంపింది. భాయ్ పోయే ముందు రోజు మా ఈజిప్టు ఫోర్‌మన్ ఇద్దర్నీ పిలిచి అసలు సంగతి చెప్పాడు. యుద్ధం అయ్యాక కొండ మీద ఒక్క మనిషినే ఉంచుతారట. ఎవరన్నది ఇంజనీరు తిరిగొచ్చి తేలుస్తాడు, రెండోవాడికి ఎగ్జిట్, అంటే వీసా కొట్టేసి ఇంటికి పంపడమే. ఈలోగా మొక్కలు ఎండిపోతే తేల్చడానికేమీ ఉండదు, నన్నే పంపించేస్తారు.

భాయ్‌కి లైసెన్సు ఉంది, నాలుగు ముక్కలు ఇంగ్లీషు వచ్చు, పదకొండేళ్ల అనుభవం ఉంది. నేను వచ్చి ఐదు నెలలు కూడా కాలేదు. ఈ వీసా కోసం బొంబాయిలో ఏజెంటు గుమ్మం ముందు పద్నాలుగు నెలలు కూర్చున్నాను. దుకాణం తమ్ముడికి అప్పజెప్పి వచ్చాను. వెనక్కి వెళితే వాడి దగ్గరే పంక్చర్లు వేయాలి. ఆ మాట తలుచుకుంటేనే అన్నం సహించేది కాదు.

పికప్ పోయాక నడిచి తిరిగాను. ఎంత పరిగెత్తినా రోజుకు ఐదు ట్యాంకులు దాటలేదు. నాలుగో రోజుకు అవతలి మిట్ట మీద మొక్కల కొసలు ఎర్రబడ్డాయి. ఆ రోజే గోడకానించిన సైకిల్ వైపు చూశాను. భద్రంగా చూసుకొమ్మన్నాడు కానీ తొక్కమనలేదు. అయినా తీశాను.

తీశాక నా చెయ్యి ఊరుకుంటుందా? పానాలు, నీళ్ల క్యాను, రొట్టెల మూట ఎక్కడ పెట్టాలి? షెడ్డులో వెల్డింగ్ మిషన్ ఉంది, కాంక్రీటుకు వాడే ఇనుప కడ్డీలున్నాయి. ఒక్క రోజులో క్యారియర్ చేసి ఫ్రేముకు అతికించేశాను. స్టాండు కూడా. వంటనూనె డబ్బాలు కత్తిరించి మడ్‌గార్డులు చేశాను. పక్క పట్నం ఖమీస్ బజారు నుంచి బెల్లు తెప్పించాను. చివర్లో హ్యాండిల్‌కు కుంకుమబొట్టు పెట్టి, ఇప్పుడిది సైకిల్ అయిందిరా అని నాకు నేనే శభాష్ చెప్పుకున్నాను.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఆరు ఉన్నాయి. కాసేపు ఆలోచించి, ఒకటి అరిగితే ఇంకొకటి వాడుకోవడానికి ముందే బిగించి పెట్టారని తీర్మానించాను. విదేశీ ముందుచూపుకు ముచ్చటపడ్డాను కూడా. హ్యాండిల్ మీది చిన్న మీటల జోలికి పోలేదు. ఇంజనీరు కొండ దిగొచ్చి ఆపాడు కాబట్టి చైను ముందు అన్నిటికంటే పెద్ద చక్రం మీద, వెనక అన్నిటికంటే చిన్నదాని మీద ఉండిపోయింది. నేనూ అలాగే తొక్కాను. ఎక్కుడులో పెడల్ మీద నిలబడి, ఒళ్లంతా వేసి, ఒక్కో తొక్కుకూ అమ్మా అయ్యా అనుకుంటూ తొక్కేవాణ్ణి. మరీ నిటారుగా ఉంటే దిగి తోసేవాణ్ణి. తప్పు సైకిల్‌ది కాదు, నా కాళ్లదే అనుకున్నాను.

అయినా ఆ బాట నన్ను కాపాడింది. పికప్ రోడ్డు కొండంతా చుట్టి సగం ట్యాంకుల దగ్గరికే చేరేది. ఇంజనీరు బాట అడ్డంగా కోసుకుంటూ తొమ్మిది ట్యాంకుల పక్కనుంచి పోయేది. మధ్యాహ్నానికి పదకొండూ అయిపోయేవి. దారిలో కోతుల మందలుండేవి, బూడిదరంగు జూలుతో, మనిషంత పొగరుతో. ఒకటి నా రొట్టెల మూట లాక్కుని చెట్టెక్కి, నన్ను చూస్తూ చూస్తూ తిన్నది. అప్పటినుంచి మలుపు ముందు బెల్లు కొట్టేవాణ్ణి. మబ్బులో ముందు చక్రం కూడా సరిగ్గా కనిపించని రోజుల్లో ఆ ఎర్రగుడ్డలే దారి చెప్పేవి. ప్రతి గుడ్డ దగ్గరా ఇంజనీరుకు మనసులో దండం పెట్టుకునేవాణ్ణి. రేడియోలో రియాద్ మీద క్షిపణులు పడ్డాయని వినేవాణ్ణి, ఆకాశంలో విమానాలు ఉరుముతూ పోయేవి. ప్రపంచం అలా ఉంటే నేను మాత్రం ఆ నెలల్లో సంతోషంగా ఉన్నాను. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

భాయ్‌కి ఉత్తరాల్లో సైకిల్ గురించి గొప్పలు రాసేవాణ్ణి. ఆయన ఉర్దూ తప్ప తెలుగు రాయలేడు. పక్క మంచం నిజామాబాద్ మనిషి చేత రాయించిన జవాబు ఒకటి వచ్చింది: "అరే, గోరే సాబ్ సైకిల్‌ను ఎడ్లబండి చేస్తివి గదరా! ఆయనొస్తే నిన్ను దానికే కడ్తడు. గని మొక్కలు మంచిగున్నయా?"

మొక్కలు మంచిగానే ఉన్నాయి. యుద్ధం ముగిసింది. ఎండాకాలంలో ఒక ఉదయం భాయ్ పికప్‌లో ఇంజనీరును అబహా విమానాశ్రయం నుంచి తీసుకొచ్చాడు. ఇంజనీరు దిగి, స్టాండు వేసి నిలబెట్టిన సైకిల్‌ను చూసి అలాగే ఆగిపోయాడు. క్యారియర్ మీద చెయ్యి వేశాడు. అతుకుల మీద వేలు రాశాడు.

"భాయ్, సార్‌కు చెప్పు. అడగకుంట దీస్కున్న, తప్పే. నా మీద కోపమొస్తే నన్ను పంపుమను. గని ముందుగాల మొక్కలు చూడుమను" అన్నాను.

భాయ్ ఇంగ్లీషులో చెప్పాడు. నేనన్న దానికంటే చాలా పొడుగ్గానే చెప్పాడు. ఇంజనీరు పికప్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, నన్ను సైకిల్ తీయమని సైగ చేశాడు. తీశాను. ఆరడుగుల మనిషి వచ్చి క్యారియర్ మీద కూర్చున్నాడు.

తన బాట మీద తననే వెనక కూర్చోబెట్టుకుని తొక్కాను. ఆయన కాళ్లు నేలకు రాసుకోకుండా చెరోవైపు చాచి పెట్టుకున్నాడు. మొదటి ఎక్కుడులో నాకు ఊపిరాడలేదు. ఆయన ముందుకు వంగి నా చెయ్యి పక్కనుంచి హ్యాండిల్ మీది మీటను తోశాడు. వెనక ఏదో టకటకమంది. ఒక్కసారిగా పెడల్ తేలికైపోయి నా కాళ్లు గిరగిరా తిరిగాయి. చైను తెగిందని కెవ్వుమని అరిచాను. తెగలేదు, కొండ ఎక్కుతున్నాం. ఇన్నాళ్లూ నేను ఏ చక్రం మీద తిరిగానో అర్థమయ్యాక ఆయన నవ్వు ఆపుకోలేక దిగి రాయి మీద కూర్చున్నాడు. కిరాయి సైకిళ్ల దుకాణం పరువు ఆ రాయి దగ్గరే పోయింది.

మూడు రోజులకు ఫోర్‌మన్ ఇద్దర్నీ పిలిచాడు. ఉండేది నేను. ఎగ్జిట్ భాయ్‌కి.

నాకు లోపల సంతోషం పొంగింది. భాయ్ పెట్టె సర్దుకుంటుంటే మొహం చూడలేక, వాల్వు చూడాలని వంక పెట్టి బయట తిరిగాను. ఆయన వెళ్లే రోజు నేనే పెట్టె మోసి వ్యాను ఎక్కించాను. "పదకొండేండ్లు అందర్ని ఎక్కిచ్చిన, దించిన. ఇగ సాలు. ఫికర్ జెయ్యకు, నీళ్లు మంచిగ వదులు" అన్నాడు. నేను చెయ్యి కలిపి వెంటనే వదిలేశాను. ఆయనకు నా మీద కోపముందేమోనని భయం.

వారం తర్వాత ఇంజనీరు షెడ్డులో కూర్చోబెట్టి గేర్లు నేర్పాడు. ఫ్రేముకు నిప్పు తగిలింది కాబట్టి అది ఇక తన ఆటకు పనికిరాదని, నా పనికి ఉంచుకొమ్మని అన్నాడు. అప్పుడు ధైర్యం చేసి, వచ్చీరాని హిందీలో, పక్కనున్న ఫోర్‌మన్ చేత ఇంగ్లీషులో చెప్పించి, నన్నే ఎందుకు ఉంచారని అడిగాను.

నిజానికి డ్రైవర్‌నే ఉంచాలనుకుని వచ్చానన్నాడు. విమానాశ్రయం నుంచి వస్తూ దారిలోనే అడిగాడట: వాల్వుల పని నేర్పిస్తే నువ్వొక్కడివే పికప్‌తో చూసుకోగలవా అని. భాయ్ చూసుకోలేనన్నాడట. పికప్ సగం ట్యాంకులకే పోతుంది సార్, మిగతావి ఎండిపోతాయి, ఈ ఆరు నెలలు మొక్కలను బతికించింది ఆ మనిషే అన్నాడట.

"ఒక్కరినే ఉంచుతారని ఆయనకు గుర్తులేదేమో సార్" అన్నాను.

"అది చెప్పాకే అడిగాను" అన్నాడు ఇంజనీరు.

నేను ఆ కొండ మీద ఇంకా తొమ్మిదేళ్లు పని చేశాను. ఆ తొమ్మిదేళ్లూ భాయ్ నాకిచ్చినవి. వ్యాను దగ్గర ఆయన చెయ్యి నేను అంత తొందరగా వదలకుండా ఉండాల్సింది.